గోధుమల మీద మంచం

బరువు గురించి తనకు తెలియనిదేమీ లేదని డెలాయ్ టోల్మన్ అనుకునేవాడు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. ఐడహో రాష్ట్రానికి తూర్పు కొసన, ఇసుక దిబ్బలకు ఇరవై మైళ్ళ ఇవతల, ఒక బంగాళదుంపల గిడ్డంగిలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఫోర్క్‌లిఫ్టు నడిపాడు. బస్తాల దొంతరను దూరం నుంచి చూసి, తల ఓ పక్కకి వాల్చి, "ఎడమ పక్క మూడెక్కువున్నాయి" అనేవాడు. దించి లెక్కపెడితే మూడే ఎక్కువుండేవి. అలాంటి మనిషి అరవై ఎనిమిదో ఏట, చుట్టపక్కాలందరి ముందూ, బరువు దగ్గరే బోల్తా పడ్డాడంటే దానికి కారణం లెక్క తెలియకపోవడం కాదు. పెళ్ళాం దగ్గర ఓ సంగతి దాచడం.

ఆ పెళ్ళాం పేరు లారూ. నలభై నాలుగేళ్ళ కాపురంలో నలభై మూడు వేసవులు గుడారంలో నేలమీద పడుకుంది. మిగిలిన ఒక్క వేసవీ పురిటి మంచం మీద గడిచింది. ప్రతి జూలై ఇరవై నాలుగున ఆవిడ పుట్టింటివాళ్ళంతా, అరవై మందికి పైగా, దిబ్బల దగ్గర రెండు రోజులు దిగుతారు. పూర్వం వాళ్ళ ముత్తాతలు చేతిబండ్లు తోసుకుంటూ మైదానాలు దాటి వచ్చినదాన్ని తలుచుకునే రోజది. ఈ ఏడాది మార్చిలో, ఇంకా మంచు కరగకముందే, లారూ తుంటి మీద చెయ్యి వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఇదిగో డెలాయ్, ఇప్పుడే చెప్తున్నా. ఈ ఏడు నేను నేలమీద పడుకోను. మంచం కావాలి. అంచున కూర్చుంటే నా పాదాలు నేలకి ఆనాలి. పాయిఖానా కావాలి. దానికి తలుపుండాలి. తలుపుకి గడియుండాలి."

"లేకపోతే?"

"లేకపోతే ఏముంది. ఆర్వల్ బండిలో పడుకుంటా. వాడికి రెండు మంచాలున్నాయి."

డెలాయ్ తింటున్న రొట్టె పక్కన పెట్టేశాడు. ఆర్వల్ లారూ తమ్ముడు. పొలాలకు నీటి గొట్టాలమ్మి బాగా లావెక్కినవాడు, మనిషీ వ్యాపారమూ రెండూ. అతనిది ట్రక్కుకి తగిలించి లాక్కెళ్ళే ఇల్లు, నలభై అడుగుల ట్రైలరు. లోపల నిప్పు లేకుండా మంట మండే కరెంటు చలిపొయ్యి ఒకటుంది, అందరికీ దాన్నే చూపిస్తాడు. తన భార్య వెళ్ళి అందులో పడుకోవడమంటే డెలాయ్‌కి ఒకటే అర్థం: నలభై నాలుగేళ్ళ బావాబావమరుదుల పోటీలో చివరి ఆట ఓడిపోవడం. పైగా ఆర్వల్ దాన్ని ఊరికే వదలడు. క్రిస్మస్ దాకా చెబుతాడు.

మనిషి ఇల్లు కట్టుకోవడం నేర్చుకున్న మర్నాటి నుంచే దాన్ని ఎలా కదిలించాలా అని ఆలోచిస్తున్నాడు. గుర్రాల మీద తిరిగే సంచారుల గడ్డి మైదానాల్లో గుడారాన్ని మడవడానికి బద్ధకించి, దాన్ని అలాగే బండి మీద నిలబెట్టి ఇరవై ఎద్దుల చేత లాగించినవాళ్ళున్నారు. లారూ ముత్తాతలు చేతిబండి ఎక్కించే సామాను మనిషికి పదిహేడు పౌన్లు మించకూడదన్నారట. పదిహేడు పౌన్లలో ఏం పెట్టుకోవాలో తేల్చుకోలేక ఒకావిడ అన్ని గౌన్లూ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని వచ్చిందని లారూ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ మునిమనవడికి ఇవాళ ఇసుకలో రెండు రోజులు గడపడానికి పొయ్యీ, సోఫా, ఆటబొమ్మా కావలసి వచ్చాయి.

ఆ ప్రాంతంలో ఆటబొమ్మ అంటే పిల్లలది కాదు. బట్టతల వచ్చినవాళ్ళు ఇసుకలో తోలుకునే నాలుగు చక్రాల మోటారుబండిని అలా అంటారు. డెలాయ్ ఆటబొమ్మ ఏడువందల పౌన్లుంటుంది, పేరుకి తగ్గట్టు ముద్దుగా ఎర్రగా ఉంటుంది. కనుక లారూ అడిగిన మంచం కోసం అతను సొంతంగా కట్టవలసిన బండిలో ముందు భార్య పట్టాలి, వెనక ఆటబొమ్మ పట్టాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది లారూయే తేల్చింది.

బడి పిల్లల బ్యాండువాళ్ళు డోళ్ళు మోసుకు తిరిగిన పదహారడుగుల పాత సామాన్ల ట్రైలరు ఒకటి దొరికింది. మూతేసిన రేకు డబ్బా. పక్కన పెద్ద పులి బొమ్మ ఉంది. దాన్ని గీకెయ్యడానికి రెండు రోజులు కూర్చున్నాడు, భుజం పట్టేసింది, తోకా రెండు పంజాలూ మిగిలిపోయాయి. లోపల గోడలకు నురగ బిళ్ళలు అంటించి పలకలు కొట్టాడు. కిటికీ కోసం రేకు కోసేటప్పుడు, ఒక్కసారి కొలిచి కోశాడు గనక, కిటికీ అర అంగుళం పెద్దదైంది. ఆ సందుని మూడు గొట్టాల జిగురుతో పూడ్చాడు. పక్క తలుపు దగ్గర బీరువాలాంటి గది చేసి అందులో పాయిఖానా పెట్టాడు. ఆ తలుపుకి దుంపల గిడ్డంగి గేటుకి వేసే ఇనుప గడియ బిగించాడు. అది వేస్తే టంగుమని వీధి చివరికి వినిపిస్తుంది.

ఆర్వల్ ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక చూడ్డానికొచ్చాడు.

"బావా, లోపలున్నది మా అక్కా, దొంగలా?"

"నీకెందుకురా. నువ్వు పడుకుంటావా ఏంటి అందులో?"

"నేను పట్టను బావా. నేను పడుకోవాలంటే ముందు ఆ పులి ఖాళీ చెయ్యాలి."

మే నెలలో ఆటబొమ్మను ఎక్కించి, తాళ్ళు బిగించి, పికప్ ట్రక్కుకి ట్రైలరు తగిలించి మొదటిసారి రోడ్డెక్కాడు. నలభై మైళ్ళ వేగం దాటగానే ట్రైలరు వెనకభాగం ఊగడం మొదలుపెట్టింది, స్నానం చేయించిన కుక్కలా. డెలాయ్ మెల్లగా పక్కకి ఆపి, దిగి, తల ఓ పక్కకి వాల్చి చూశాడు. వెనకబరువు. ఇరుసుల వెనక ఆటబొమ్మ ఉంది, ముందు ఏమీ లేదు. ట్రక్కుకి తగిలించే నొగ మీద భారం చాలడం లేదు. ముందు ఆరువందల పౌన్లు పడితే కుదురుతుంది.

ఆరువందల పౌన్లు. ఇటుకలా? ఇటుకలు మోసుకుని విహారానికి వెళ్ళేవాణ్ణి చూస్తే ఆర్వల్ ఏమంటాడో అతనికి తెలుసు. నేలమాళిగలోకి దిగి అటూ ఇటూ చూశాడు. అక్కడ గోడవారగా, వరుసగా, పధ్నాలుగు తెల్లటి బకెట్లు. ఒక్కొక్కటి నలభై అయిదు పౌన్ల గోధుమలు.

ఇవి మామూలు గోధుమలు కావు. ఏ ఆపదొస్తుందో తెలియదు, ఏడాదికి సరిపడా తిండి ఇంట్లో దాచుకోండని వాళ్ళ చర్చి పెద్దలు చెప్పారు. చాలామంది విని ఊరుకున్నారు, లారూ విని దాచింది. పెళ్ళయిన పదకొండో ఏట గాలి పోకుండా మూతలు బిగించి, ప్రతి మూత మీదా తన గుండ్రటి అక్షరాలతో 'ఎర్ర గోధుమ, అక్టోబరు' అని, సంవత్సరం వేసి రాసింది. అప్పటి నుంచీ ఏ ఆపదా రాలేదు. ఆడవాళ్ళ సంఘంలో తిండి దాచుకోవడం మీద మాట్లాడమని ఏటా ఆవిడనే పిలుస్తారు. ఆవిడ మాట్లాడుతుంది, ఈ బకెట్ల గురించే.

మూడు మధ్యాహ్నాలు, లారూ సంఘానికి వెళ్ళిన వేళ చూసి, డెలాయ్ పధ్నాలుగు బకెట్లూ పైకి మోశాడు. వాటి స్థానంలో అలాంటివే ఖాళీ బకెట్లు పెట్టి, మూతల మీద ఆవిడ రాతను చూసి రాశాడు. అసలువి ట్రైలరు ముందు భాగంలో వరుసగా పేర్చి, పైన బల్ల వేసి, బల్ల మీద పరుపు వేశాడు. ఒక్క దెబ్బతో రెండు పనులు. బండి కుదురుకుంది, మంచమూ తయారైంది.

లారూ వచ్చి మంచం అంచున కూర్చుంది. పాదాలు చక్కగా నేలకి ఆనాయి. కాస్త కదిలింది. కిర్రుమనలేదు. పడుకుంది. లేచింది.

"ఇది మన ఇంట్లో మంచం కన్నా నయం. కింద ఏం పెట్టావు?"

"ఇంజనీరింగు" అన్నాడు డెలాయ్.

నలభై నాలుగేళ్ళలో లారూ అతన్ని మెచ్చుకోలుగా చూసిన సందర్భాల్లో అదొకటి. అతను దాన్ని చాలారోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు.

బయల్దేరే రోజు పొద్దున లారూ ట్రైలరులో దిండ్లకి గలీబులు తొడుగుతూ కేకేసింది. "డెలాయ్, కిందనించి ఓ గోధుమల బకెట్టు పట్రా. వెల్డా పెద్దమ్మ ఈసారి పిల్లలకి తిరగలిలో గోధుమలు విసరడం చూపించమంది. ముత్తాతలు ఎలా తిన్నారో తెలియాలంట."

డెలాయ్ ట్రైలరు వైపు చూశాడు. అసలు బకెట్టు తియ్యాలంటే పరుపెత్తాలి. పరుపు పక్కనే ఆవిడుంది. దిబ్బల దగ్గర ఆవిడ అటు తిరిగినప్పుడు మార్చెయ్యొచ్చులే అనుకుని నేలమాళిగలోకి దిగి ఓ ఖాళీ బకెట్టు అందుకున్నాడు. మెట్లెక్కుతూ మూలిగాడు. వాకిట్లో ఓసారి దించి నడుం పట్టుకున్నాడు. ముఖం ఎర్రబడేదాకా ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో ఎత్తి, వంగి వంగి నడుస్తూ ట్రక్కులో పెట్టాడు.

"జాగ్రత్తయ్యా, వయసొచ్చింది" అంది లారూ జాలిగా.

దిబ్బల దగ్గర ఆవిడ అటు తిరగలేదు. అసలు ట్రైలరు వదల్లేదు. పిన్నమ్మ కూతుళ్ళనీ మేనత్త కోడళ్ళనీ నలుగురేసి చొప్పున లోపలికి పిలిచి చూపించింది. "ఇదిగో గడియ. వెయ్యి, వేసి చూడు." టంగు. "కూర్చో ఇక్కడ. ఆనాయా పాదాలు? అదీ." బయట డెలాయ్ ఖాళీ బకెట్టు పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాడు. ఆ కంగారులోనే, ఆర్వల్ కోడలు ఐసు తేవడానికి ట్రక్కు అడిగితే, ట్రైలరు విప్పి ఇచ్చేశాడు. ట్రైలరు వెనక రెండు ఇనుప కాళ్ళున్నాయి. నిలబెట్టినప్పుడు పిడి తిప్పి వాటిని నేలకి దించాలి. ముందు ఆరువందల పౌన్లున్నాయి కదా, తరవాత చూద్దాంలే అనుకున్నాడు. పిడి ట్రక్కులోనే ఉండిపోయింది. ఆటబొమ్మ ట్రైలరులోనే ఉండిపోయింది, ఎందుకంటే ప్రార్థనా, ముత్తాతల కార్యక్రమమూ పూర్తయ్యేదాకా ఎవరి ఆటబొమ్మా దిగకూడదని వెల్డా పెద్దమ్మ నియమం.

వెల్డా పెద్దమ్మకి తొంభై ఒకటి. తలకి పూర్వకాలపు గుడ్డటోపీ కట్టుకుని, మడత కుర్చీలో కూర్చుని, చేతికర్రతో అరవై మందినీ కూర్చోబెట్టింది. బల్లకి తిరగలి మిషను బిగించారు. ఆకుపచ్చ జెల్లీలో కారెట్టు తురుము తేలుతోంది. పక్కనే ఛీజు వేసి కాల్చిన దుంపల పళ్ళెం, చావుల భోజనాల్లో తప్పనిసరి గనక వాటికి చావుదుంపలని పేరు. ప్రార్థనయింది.

"డెలాయ్, బకెట్టు" అంది లారూ.

డెలాయ్ మళ్ళీ మూలిగాడు. వంగాడు, ఎత్తాడు, రెండడుగులకోసారి ఆగాడు. బల్ల దగ్గర దించి, నిటారుగా నిలబడి, నుదురు తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడు దిబ్బల మీంచి గాలి వీచింది. బకెట్టు పక్కకి ఒరిగి, దొర్లి, ఓసారి ఎగిరి, ఇసుకలో గెంతుకుంటూ పోయింది. పిల్లలు కేరింతలు కొడుతూ వెంటపడ్డారు.

పెద్దవాళ్ళంతా బకెట్టు వైపోసారి, డెలాయ్ వైపోసారి చూశారు.

"మా కాలంలో గోధుమలు బరువుండేవే లారూ" అంది వెల్డా పెద్దమ్మ.

పిల్లలు పట్టి తెచ్చిన బకెట్టుని లారూ చేతిలోకి తీసుకుని మూత చదివింది.

"ఇది నా రాత కాదు. అక్టోబరులో ఓ అక్షరం మింగేది ఈ కుటుంబంలో ఒక్కడే." మొగుడి వైపు తిరిగింది. "నా గోధుమలేవి?"

"మంచం కింద."

"ఇంజనీరింగు అన్నావు."

"అదే ఇంజనీరింగు."

ఆర్వల్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. లారూ నవ్వలేదు. ఆవిడ ముఖంలో మార్చి నెల వంటింటి గుమ్మం కనిపించింది డెలాయ్‌కి.

"తియ్యి. అన్నీ తియ్యి. మూతలు బిగువుగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూడాలి నేను. ఆర్వల్, నీ రెండో మంచం మీద ఏముంది?"

"దుప్పటి తప్ప ఏం లేదక్కా. పొయ్యి కూడా వేసి పెడతా."

డెలాయ్ లోపలికి వెళ్ళి పరుపు వెనక్కి నెట్టి, బల్ల పక్కకి తీసి, ఒక్కొక్క బకెట్టూ పక్క తలుపులోంచి బయటికి అందించాడు. ఇప్పుడు మూలుగు నిజం. లారూ ఒక్కొక్క మూతా తట్టి చూసి వరుసలో పెడుతోంది. నాలుగో బకెట్టు దగ్గర ఆర్వల్ లోపలికొచ్చాడు.

"సాయం చెయ్యడానికొచ్చావా?"

"కాదు బావా. దగ్గర్నించి చూద్దామని." ట్రైలరు వెనక్కి నడిచి, ఆటబొమ్మ మీద తీరిగ్గా కూర్చున్నాడు. "కానీ, నీ పని నువ్వు కానీ. ఆగవోయ్, ఇంకోసారి ఆ మొదటి మూలుగు మూలుగు. ఖాళీది."

డెలాయ్ తల ఓ పక్కకి వాల్చి ఉంటే బాగుండేది. వాల్చలేదు. సిగ్గుతో తల పూర్తిగా దించుకుని ఉన్నాడు. పన్నెండు. పదమూడు. వెనక ఏడువందల పౌన్ల ఆటబొమ్మ, దాని మీద మూడువందల పౌన్ల బావమరిది. పధ్నాలుగో బకెట్టు గడప దాటింది.

నొగ లేచింది.

పెద్ద శబ్దమేమీ రాలేదు. ట్రైలరు ఆవులించినట్టు ముందు భాగం మెల్లగా ఆకాశంలోకి లేచి, వెనక అంచు ఇసుకలో దిగబడింది. డెలాయ్ పరుపు మీద కూలబడి, దిండ్లతో సహా, గట్టు మీంచి జారినట్టు జారి వెళ్ళి ఆర్వల్ ఒళ్ళో ఆగాడు. బయట అరవై మందీ పైకి చూశారు. పులి తోక ఆకాశం వైపు నిక్కి ఉంది.

"బావా" అన్నాడు ఆర్వల్ దిండు పక్కకి తోసి.

"ఊఁ."

"ఇదీ ఇంజనీరింగేనా?"

"నువ్వు తిన్న దుంపలు నేను లెక్కలో వేసుకోలేదురా."

"కదలకండి ఇద్దరూ" అని కింద నుంచి లారూ గొంతు వినిపించింది. "ఆర్వల్, నువ్వు ముందుకి పాకు. మెల్లగా."

ఆర్వల్ బావని తప్పించుకుని, నేలబల్లలు గోళ్ళతో పట్టుకుని ముందుకి పాకాడు. ముందు భాగం గౌరవంగా దిగింది. చెయ్యి జారి వెనక్కొచ్చాడు. మళ్ళీ లేచింది. పిల్లలు లెక్కపెట్టడం మొదలెట్టారు. మూడోసారికి, కింద నుంచి ఆరుగురు నొగకి తాడేసి లాగితే, బండి నేలకి దిగింది.

"దీన్నిలా ఎవరో ఒకరు పట్టి ఉంచాలి" అన్నాడు డెలాయ్ తలుపులోంచి తొంగి చూస్తూ. "కాళ్ళు దించే పిడి ట్రక్కులో ఉంది. ట్రక్కొచ్చేదాకా నొగ మీద బరువుండాలి."

ఎవరూ పేరు చెప్పలేదు. అందరూ ఆర్వల్ వైపు చూశారు.

ఆర్వల్ దిగివచ్చి నొగ మీద కూర్చున్నాడు. ఒళ్ళో ఓ పళ్ళెం చావుదుంపలు పెట్టారు, బరువు తగ్గకుండా. వెల్డా పెద్దమ్మ చేతికర్రతో బల్ల మీద కొట్టింది. కార్యక్రమం సాగింది. లారూ ఓ బకెట్టు మూత విప్పింది. ముప్పై మూడేళ్ళ గోధుమలు నిన్న కోసినట్టు ఎర్రగా మెరిశాయి. ఆవిడ గుప్పెడు తీసి వాసన చూసి, మిషనులో పోసింది. పిల్లలు వరుసగా వచ్చి మిషను పిడి తిప్పారు. పిండి సగం గిన్నెలో, సగం గాలిలో.

ట్రక్కొచ్చింది. డెలాయ్ పిడి తీసుకుని వెనక రెండు కాళ్ళూ బిగువుగా దించాడు. దించి, చేతులు దులుపుకుని, చెయ్యడానికి ఇంకేమీ లేక నిలబడ్డాడు. లారూ అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది, తన సంచి తెచ్చుకోవడానికి కాబోలు. సంచి తీసుకుంటే ఇక ఆర్వల్ బండికే. అతను ట్రైలరు గోడకి చెవి ఆనించాడు.

లోపల అడుగులు ఆగాయి. తరవాత టంగుమంది. గడియ. మళ్ళీ టంగు, తీసింది. మళ్ళీ వేసింది.

"డెలాయ్."

"ఆఁ."

"బండి అంత తిరగబడినా ఇది ఊడలేదు."

"గిడ్డంగిది. పదిటన్నుల లారీ గుద్దినా ఊడదు."

పరుపు మీద కూర్చున్న చప్పుడైంది. అతను తలుపులోంచి చూశాడు. పరుపు నేలమీద ఉంది. లారూ దాని అంచున కూర్చుని ఉంది, మోకాళ్ళు గడ్డానికి తగులుతూ, పెద్ద మిడతలా.

"నలభై మూడేళ్ళు ఇలాగే కూర్చున్నా" అంది. "ఆపద వస్తే పనికొస్తాయని దాచాను ఆ గోధుమల్ని. వరదొస్తుందనుకున్నా, కరువొస్తుందనుకున్నా. ఆ ఆపదకి నేనే అన్నం వండి పెడుతున్నానని తెలియలేదు."

"లారూ, నేను..."

"నా పాదాలు ఆనడం లేదయ్యా. గోధుమలు పట్రా."

డెలాయ్ పధ్నాలుగు బకెట్లూ మళ్ళీ మోశాడు. విప్పిన బకెట్టు కాస్త తేలిక, అయినా అందరికన్నా ఎక్కువ దానికే మూలిగాడు. ఈసారి మూతల మీది రాత బయటికి కనిపించేలా పేర్చమంది లారూ, చూసేవాళ్ళు చదువుకుంటారని. బల్ల వేశారు, పరుపు వేశారు. ఆవిడ అంచున కూర్చుని రెండు పాదాలూ నేలకి ఆనించి, కాలివేళ్ళు ఓసారి ఆడించింది.

"అక్కా" అని బయట నుంచి ఆర్వల్ పిలిచాడు. "మరి నా బండిలో మంచం?"

"దాని మీద నీ ఆటబొమ్మని పడుకోబెట్టరా. చలేస్తే పొయ్యి వెయ్యి."

"సరేలే. నేను లేవొచ్చా మరి? కాళ్ళు తిమ్మిరెక్కాయి."

డెలాయ్ కిటికీలోంచి బయటికి చూశాడు. లారూ కూడా చూసింది. పళ్ళెం ఖాళీ అయింది, ఆర్వల్ నొగ మీద కదలకుండా, బాధ్యతగా కూర్చుని ఉన్నాడు. వెనక కాళ్ళు దించి అప్పటికి అరగంటయింది.

"ఇంకాస్సేపు ఉండరా" అంది లారూ. "నువ్వు లేస్తే మేం పడిపోతాం."